పోశెట్టికి, నిజ్వా కోట దారి

శుక్రవారం పొద్దుగాల్నే బయలెల్లు పోశెట్టీ.
మస్కట్ల బుర్జ్ అల్ సహ్వా కాడ బస్సు దొరుకుతది.
రెండు గంటల తొవ్వ. కిటికీ పక్కన కూసో.
గడ్డిపోస మొలవని గుట్టలు
బక్కెముకల ఎడ్ల లెక్క పండుకొని ఉంటయి.
దిగంగనే మేకల అంగడి సప్పుడు ఇనవడ్తది.
వేలంపాట అరబ్బీల,
మేకల అరుపు మాత్రం మన దిక్కుదే.
ఆ సప్పుడు దాటి తల ఎత్తు.
ఇంత లావు బురుజు ఏడ సూసినవ్?

టికెట్టు ఎంతో నన్నడుగకు,
నేనెప్పుడు కొనలే.
ఎనక దిక్కు పనోళ్ళ గేటుంటుండె.
రెండేండ్లు ఆడికెల్లే పోయిన
బకెటు, తాపీ, తలకు తువ్వాల.

పన్నెండేండ్లు కట్టిండ్రంట.
మస్కట్ల కెల్లి పోర్చుగీసోళ్ళను
సముద్రంలకు ఎల్లగొట్టిన ఇమాం కట్టిచ్చిండంట,
మూడు వందల యాభై ఏండ్ల పైమాట.
పైసలేడియి అంటే దీవు నుంచి అంటరు.
గా గుజరాతు ఒడ్డున దీవు,
ఓడలేసుకపోయి కొల్లగొట్టుకచ్చినయంట.
మా ముసలి మేస్త్రి సలీం ఈ ముచ్చట చెప్పి
నా దిక్కు సూసి గడ్డం గోక్కున్నడు.
పర్వలే సాయిబూ అన్న,
నెలకు తొంభై రియాళ్ళ లెక్కన
వసూలు చేస్తనే ఉన్న.

బురుజు లోపల సగందాక మట్టే.
ఫిరంగి పేలితే ఆ అదురు మట్టి మింగాలె.
పైకి పోను ఇరుకు మెట్లు,
మలుపు మలుపుకు తలుపు,
తలుపు ముంగట నెత్తికి సరిగ్గ ఒక సీలిక.
దుష్మన్ తలుపు తన్నుతుంటే
ఆ సీలికల నుంచి
సలసల కాగే ఖర్జూర పాకం పోసెటోళ్ళంట.
పాకం, పోశెట్టీ!
పెండ్లిల బూంది మీద పోసేటి అసొంటిది.
తీపితోని మనిషిని సంపచ్చని
ఇన్నోళ్ళు నోరు తెరిసిండ్రు గని
నాకు కొత్త కొట్టలే.
మెట్‌పల్లి ఏజెంటు మాటలు
ముందే ఇనచ్చినోన్ని గద.

కింద సూసి నడువు.
అండ్ల కొన్ని మెట్లు మెట్లు కాకుండె,
గుంత మీద పరిసిన పలుకలు.
గుంజితే మనిషి సీకట్లకే.
ఇప్పుడు భయం లేదు, జాలీ ఏసిండ్రు.
అయినా నేను ఆడ
ఒక అడుగు ఎక్కువే దాటి ఏస్త.

ఖర్జూర గదిల నేలంత గాడులు.
బస్తాలు కప్పుదాక పేరిస్తే
వాటి బరువుకు అవే పిండుకొని
కారిన తేనె ఆ గాడులల్ల పారేదంట.
వాసన అస్తదేమో అని వంగి సూసిన.
రాలే. సున్నం వాసన.

ఆ గది దాటినంక ఎడమ గోడ నాది.
సరూజ్ అంటరు ఈడి గచ్చును.
మట్టిని ఖర్జూర మొద్దులేసి కాల్చి, దంచి,
నీళ్ళు తాపుకుంట నానేసుడు.
మన డంగుసున్నానికి మేనబావ అయితది.

డంకన్ సారు అని స్కాట్లాండాయన,
సున్నం వేళ్ళతోని రుద్ది వాసన సూసేటోడు.
ఒకనాడు నీడకు కూసొని చాయ్ తాక్కుంట అన్నడు,
మా ఊరి కోట కప్పులేక
ఏడాది పొడుగూత వానల నానుతది,
నేనేమో ఈడ ఎండల
మీ గోడల నెర్రెలు లెక్కవెడుతున్న.
మీ ఊళ్ళె కోట ఉన్నదా?

ఉన్నది సార్, జగిత్యాలల.
నక్షత్రం లెక్క ఉంటదంటరు. సుట్టూ కందకం.
లోపల ఎట్లుంటది?

చాయ్ సల్లారిపోయింది పోశెట్టీ.
ఆ కందకం పక్కకెల్లి
పాస్‌పోర్టు ఫోటోల దుకాణానికి నాలుగుసార్లు పోయిన,
లోపలికి ఒక్కసారి పోలే.

సరే. పదకొండు లోపల్నే చూసుకొని దిగు,
జుమ్మా నమాజుకు మూస్తరు.
నా గోడ మీద మోకాలెత్తుల
తాపీ జారిన వంకర గీత ఒకటుంటది.
సరిచేస్తనంటే ఉండనీ అన్నడు సలీం.
ముట్టద్దని బోర్డు పెట్టిండ్రు.
ముట్టు.